నలభైలో ఒకటి

పలక 61

ఈ రోజు సీసం కరిగించాను.

మా గనిలో ఎవరి పని వాళ్ళు ఏ రోజుకారోజు పలక మీద రాసి, అక్షరాలు బయటికి కనబడేటట్టు గుమ్మం పక్కన ఆనించాలి. కాగితానికి కరువు గానీ పలకలకు కొదవ లేదు, మేం ఉంటున్నదే పాత పలకల గనిలో. దారిన పోయేవాళ్ళంతా చదువుకుంటారు. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకు మంచి పద్ధతే.

లారీ చక్రాలకు బాలెన్సు కోసం కొట్టే సీసం ముక్కలు ఇంకా రెండు డబ్బాలున్నాయి. మా ఆయన బతికుండగా మార్కాపురం రోడ్డులో టైర్ల షాపు నడిపాం. ఆ ముక్కలు బాణలిలో వేసి, కరిగాక కాస్త మైనం కలిపితే మురికంతా తెట్టుగా పైకి తేలుతుంది. గరిటతో తీసి పారేస్తే కింద అద్దంలాంటి సీసం. నిజం చెప్పాలంటే ఆ మెరుపు చూడడానికే ఈ పని పట్టుకున్నాను. ఎవరూ చేయమనలేదు. ఆయన పోయాక పొద్దు పోక మొదలెట్టిన పిచ్చి. కొందరు బుట్టలు అల్లుతారు, కొందరు పక్కింటివాళ్ళ మీద కథలు అల్లుతారు, నేను గుండ్లు పోస్తాను.

అప్పట్లో నా గుండ్లతో అట్టముక్కల మీద గురి చూసేవారు. ఇప్పుడు గద్దలను కొడుతున్నారు. విత్తనాల కంపెనీ మూతపడి పదకొండేళ్ళయింది గానీ అది వదిలిన యంత్రాల గద్దలు డ్యూటీ మానలేదు. ఎండ తిని ఎగురుతాయి. కంపెనీ విత్తనం కాని పైరు ఎక్కడ కనబడితే అక్కడ గడ్డిమందు చల్లిపోతాయి. ఫ్యాక్టరీ తూటాతో కొడదామా అంటే, పేలే ముందు అది ఆఫీసును అనుమతి అడుగుతుంది. ఆ ఆఫీసులో ఇప్పుడు పావురాలు కాపురముంటున్నాయి. అందుకని పాత తుపాకీ, నా ఇంటి తూటాలే దిక్కు. సరదా కాస్తా కొలువైపోయింది.

గని అడుగున నలభై మళ్ళలో కొర్ర వేశాం. పది రోజుల్లో కోత. నూట ముప్పై మందికి ఏడాది తిండి అది.

అచ్చు తెరిచిన ప్రతిసారీ వెచ్చటి గుండు తడిగుడ్డ మీద టప్పున పడుతుంది. వాటిలో నలభై ఏరాను. అంచు సరిగా రానివి, సొట్ట పడ్డవి మళ్ళీ బాణలిలోకే. ఈ మధ్య కంటితో కంటే వేలితోనే ఎక్కువ చూస్తున్నాను. వేలు అబద్ధం చెప్పదు.

గని పెద్ద సుగుణమ్మ వచ్చి బల్ల పక్కన నిలబడింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, కానీ ఆమె మాటకు తిరుగులేదు.

"హుస్సేనక్కా, కోత దాకా సరిపోతయ్యా?"

"గురి మా తమ్ముడు చూసుకుంటాడు. తుపాకీ మందు నేను చూసుకుంటా. నువ్వు కొడవళ్ళు నూరించుకో పో."

"కంట్లో నీళ్ళు కారతుండాయి, ఏంది?"

"పొగ," అన్నాను.

పలక 62

నలభై తూటాలు నింపాను.

తలుపుకు ఎర్రగుడ్డ కట్టి కూర్చున్నాను. ఆ గుడ్డ ఉన్నంతసేపు నన్నెవరూ పలకరించకూడదు, చావు కబురైనా గుడ్డ విప్పాకే. పని చిన్నదే. దెబ్బకు నిప్పు పుట్టించే కేపు బిగించిన ఇత్తడి గుల్లలో చెంచాడు మందు పోయాలి, పైన గుండు కూర్చోబెట్టి నొక్కాలి. ఒక గుల్లలో మందు పోయగానే పక్కనున్న పలక మీద ఒక గీత గీయాలి. ఈ పాతకాలపు మందుతో చిక్కు ఏమిటంటే, చెంచాడు పోస్తే గుల్ల సగం కూడా నిండదు. మరిచిపోయి రెండో చెంచా పోసినా పొంగదు, గుట్టుగా లోపల కూర్చుంటుంది. అలాంటిది పేలిస్తే తుపాకీ పగిలి, కాల్చినవాడి ముఖంలోకి వస్తుంది. గీతలు అందుకే, ఎర్రగుడ్డ అందుకే.

మధ్యలో గద్ద వచ్చింది. సైదులు ఒక్క దెబ్బతో కూల్చాడు. తర్వాత పని సాగింది.

పొద్దు వాలక ముందే సైదులు దిగి వచ్చాడు. వాడు నా తమ్ముడు, యాభై రెండేళ్ళవాడు, గట్టు మీద కాపలా పదేళ్ళుగా వాడిదే. సంచి ఖాళీ, తుపాకీలో ఉన్న ఒక్క తూటాయే మిగిలిందన్నాడు. అది నేను ఇదివరకు నింపినది, తీసి నా దగ్గర పెట్టుకుని కొత్తవి నలభై లెక్కపెట్టి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాలి, ఎదురెదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి.

"ఇచ్చిన చెయ్యి మళ్ళీ చాపను."

"పట్టిన చెయ్యి పడనీను," అన్నాడు సైదులు.

ఆ మాట అనుకున్నాక తూటా వెనక్కి అడగడం లేదు. అడిగితే కాపలావాణ్ణి దొంగ అన్నట్టే. కాపలా తుపాకీ కూడా కోత అయ్యేదాకా ఖాళీగా ఉండదు, ఎప్పుడూ ఒకటి లోపల ఉండాల్సిందే.

పలక 63

ఈ పలక ముఖం గోడవైపు తిప్పి పెడుతున్నాను.

పొద్దున బల్ల తుడిచి మిగిలిన మందు తూచాను. రోజూ చేసే పనే, నిన్న ఒళ్ళు అలిసి వాయిదా వేశాను. ఒక చెంచా తక్కువ వచ్చింది. త్రాసు తుడిచి మళ్ళీ తూచాను. ఒక చెంచా తక్కువ. బల్ల కింద కోడి ఈకతో ఊడ్చాను, డబ్బా అంచులు తట్టాను, చీర దులిపాను. నలుసు లేదు.

నిన్న రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. గట్టు మీద కాపలావాడు కొట్టే లారీ రిమ్ము మూడుసార్లు మోగిందంటే గద్ద వస్తోందని గుర్తు. మోగిందంటే గనిలో ఎక్కడివాళ్ళు అక్కడ శిలలైపోవాలి. గద్ద కంటికి కదలికే ఆనవాలు. మనుషులు మసిలే చోట పైరు ఉంటుందని దానికి ఎవడో మహానుభావుడు నేర్పాడు. రిమ్ము మోగేసరికి నా చేతిలో చెంచా ఉంది, ముందు గుల్ల ఉంది. మోచేయి బల్ల మీద ఆనించి బిగుసుకుపోయాను. తుపాకీ పేలింది, గద్ద కూలింది, అందరం ఊపిరి వదిలాం. మోచేయి ఎత్తి చూస్తే దాని కింద గీతల పలక. చివరి వరుస మొత్తం నా జాకెట్టు చేతికి అంటుకుపోయింది.

ఈ గనిలో తప్ప ఇంకెక్కడా ఇలాంటి తప్పు జరగదు. కాగితం మీద సిరాతో గీసే ఊళ్ళో నేను పుట్టి పెరిగాను.

ముందున్న గుల్లలో మందు పోశానో లేదో తెలియక అప్పుడు లోపలికి తొంగి చూశాను. ఎండకు తిప్పి చూశాను. మసక. ఏడాదిన్నర నుంచి నా రెండు కళ్ళలో పొర పెరుగుతోంది. ముఖాలు తెలుస్తాయి, అక్షరాలు పెద్దగా రాస్తే తెలుస్తాయి, వేలెడంత గుల్ల అడుగున ఏముందో తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే బల్ల దగ్గర కూర్చోనివ్వరు. పుల్లతో లోతు చూసుకుని ఉండవచ్చు, అంతకుముందు నింపినవన్నీ విప్పుకుని ఉండవచ్చు. నా చెయ్యి తప్పదన్న పొగరు. పోయలేదనిపించింది, పోశాను.

అంటే సైదులు సంచిలో ఉన్న నలభైలో ఒకటి రెండు చెంచాలది. ఏదో నాకు తెలియదు.

తూచి కనిపెట్టవచ్చు కదా అంటారు. చేత్తో పోసిన గుండ్లలో ఒకటి ఎక్కువ ఉంటుంది, ఒకటి తక్కువ ఉంటుంది. గుల్లలూ అంతే. ఆ తేడాలో చెంచాడు మందు బరువు కొట్టుకుపోతుంది. విప్పి చూడడం ఒక్కటే దారి.

పది గంటలప్పుడు రిమ్ము మోగింది. కదలకూడదు కాబట్టి కదలలేదు గానీ నా లోపల ఉన్నదంతా గట్టు మీదికి పరుగెత్తింది. తుపాకీ మోత మామూలుగానే వినిపించింది. కాసేపటికి వాడు ఖాళీ గుల్ల పంపించాడు. దాన్ని అరచేతిలో పట్టుకుని ఏడ్చాను. ఇంకా ముప్పై తొమ్మిది.

పలక 64

ఇదీ గోడవైపే.

ఈ రోజు రెండు గద్దలు. రెండు మోతలు. రెండు గుల్లలు. ముప్పై ఏడు.

తేలు కుట్టిన దొంగనయ్యాను.  మొదటి మోతకీ రెండో మోతకీ మధ్య నాకొక పాడు ఆలోచన వచ్చింది, అది కూడా రాస్తాను. ఏమో, మందు నిజంగానే నేల మీద ఒలికి గాలికి పోయిందేమో, ఇంకో వారం గడిస్తే కోత అయిపోతుంది, నా బల్ల నాకుంటుంది అనుకున్నాను. తమ్ముడి ముఖాన్ని పణంగా పెట్టి బల్ల కాపాడుకుందామనుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

మధ్యాహ్నం గట్టెక్కాను. సైదులు రాతి మీద కూర్చుని తుపాకీ తుడుస్తున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏందక్కా, ఎండలో ఇట్టొచ్చావు?"

"తూటాలకు చెమ్మ తగిలిందేమోనని అనుమానంగా ఉండాది. ఒకసారి ఇయ్యి, మైనం పూసి ఇస్తా."

వాడు తుడవడం ఆపాడు. "ఇచ్చిన చెయ్యి చాపనన్నావే."

"మైనం పూయడానికే లేరా."

"మైనం యాడ్నుంచి తెస్తివో ఆడనే పెట్టు. సంచి కిందికి పోతే గనిలో ఏమనుకుంటారు? పదేళ్ళు కాసినా. సైదులు ఒకటో రెండో వెనకేసుకున్నాడంట, అక్కే పట్టిందంట అనరూ?"

"అది కాదురా, మందు..." అన్నాను. వాడప్పటికే లేచి ఆకాశం వైపు తిరిగాడు. వెనక నుంచి ఇంకో రెండు మాటలు అన్నాను. జవాబు లేదు. మొండిఘటం. మా నాన్నా అంతే.

విప్పాలంటే రెండు పూటల పని. ఆ రెండు పూటలూ తుపాకీకి తూటాలు చాలవు, డబ్బాలో మిగిలిన మందు ఒకటి రెండు తూటాలకే వస్తుంది. ఒక్క గద్ద తప్పించుకున్నా ఐదారు మళ్ళ కొర్ర పోతుంది. విప్పకపోతే ముప్పై ఏడింటిలో ఒకటి నా తమ్ముడి కంటి ముందు పగులుతుంది. దిగేటప్పుడు రెండుసార్లు కాలు జారింది. రేపు పొద్దున్నే సుగుణమ్మకు చెప్పేస్తాను.

పలక 65

ఇది నేను రాయడం లేదు. నేను చెబుతుంటే సుగుణమ్మ రాస్తోంది. నా కుడిచేతికి కట్టు ఉంది.

పొద్దున ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. కళ్ళ సంగతి, చెరిగిన గీతల సంగతి, గోడవైపు తిప్పిన పలకల సంగతి. 

"రెండు రోజులు మూడు తూటాలు పేలినయ్యి. నీకు తెలిసే పేలినయ్యి," అంది సుగుణమ్మ.

"తెలిసే."

"ముందే చెప్పుంటే చెంపదెబ్బతో పోయేది. పద."

గని మధ్యనున్న పెద్ద బండ దగ్గరికి అందరినీ పిలిచింది. సైదులునూ దింపించింది, గట్టు మీద ఇంకొకణ్ణి రిమ్ము దగ్గర పెట్టి. జనం ముందు తల వంచుకుని నేను చేసిన తప్పు చెప్పాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. సుగుణమ్మ సైదులు వైపు తిరిగి, సంచి చూపించి, "బండ మీద పొయ్యి," అంది.

వాడి ముఖం నల్లబడింది. నన్ను ఒక చూపు చూశాడు. సంచి తిరగేసి తూటాలన్నీ బండ మీద కుమ్మరించి, తుపాకీ భుజానేసుకుని గట్టెక్కిపోయాడు, రిమ్ము దగ్గరివాణ్ణి కిందికి పంపేశాడు. కోపం వచ్చిందిలే, రానీ, ప్రాణం దక్కింది కదా అనుకున్నాను.

విత్తనాలు ఏరే రూతమ్మను విప్పడానికి కూర్చోబెట్టారు. ముప్పై ఐదేళ్ళది, నువ్వుల్లో ఇసుక రేణువు పట్టే కళ్ళు. ఎలా తట్టాలో, ఎలా లాగాలో నేను చెబుతూ కూర్చున్నాను. ఒక్కో తూటా విప్పి మందు పలక మీద పోసి చెంచాతో కొలుస్తోంది. "ఒకటే. ఒకటే. ఇదీ ఒకటే." ప్రతి "ఒకటే"కి జనం ఒక అడుగు ముందుకొస్తున్నారు. రెండు పూటలనుకున్నది, పది చేతులు సాయం పట్టేసరికి పది గంటలకే ఆఖరిది మిగిలింది. రూతమ్మ దాన్ని విప్పింది.

"ఒకటే, హుస్సేనక్కా."

ఎవరో నవ్వారు. "ఏం లేదు, ఊరికే గుండెలు తీసింది ఈమె," అన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఒళ్ళంతా తేలికైంది. మందు నేల మీదే ఒలికిందన్నమాట అనుకుంటూ గుల్లలు వేలితో తడిమి లెక్కపెట్టాను. ముప్పై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఆరు. పేలినవి మూడు.

నలభయ్యోది తుపాకీలో ఉంది.

అరవబోతుండగా రిమ్ము మోగింది.

గని మొత్తం శిలైపోయింది. సుగుణమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. నేను పరుగెత్తాను. అరవై ఒక్కేళ్ళదాన్ని, మసక కళ్ళదాన్ని, ఆ మెట్ల దారిలో ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. గద్ద నీడ నా మీదుగా పోయి, మళ్ళీ తిరిగి వచ్చింది. కదిలింది నేనొక్కదాన్నే, నన్నే చూసింది. నా వెనకే కిందికి దిగి, పక్కనున్న మళ్ళ మీద గడ్డిమందు వదిలింది. ఆ వాసన గొంతులోకి వచ్చింది.

"సైదా, కాల్చొద్దు," అని అరిచాను. ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. వీపు ఇటు, తుపాకీ చెంపకు ఆనించి గురి చూస్తున్నాడు. "ఒరే, దాంట్లోనే ఉండాది, కాల్చొద్దురా." తిరగలేదు. కోపమనుకున్నాను. ఎంత కోపమైనా ఇంత కేకకు తల తిప్పడా?

పక్కకు చేరేసరికి వాడి వేలు మీట మీద బిగుస్తోంది. తుపాకీ వెనకభాగంలో లేచి ఉన్న, మీట నొక్కగానే కేపు మీద పడే ఇనప సుత్తి ఒక్కటే నాకు తెలిసింది. దాని కింద చెయ్యి పెట్టేశాను.

సుత్తి నా చేతి మీద పడింది. తుపాకీ పేలలేదు.

ఆ తర్వాత చూపుడువేలి ఎముక విరిగిందని చెప్పారు. అప్పుడు మాత్రం నాకు నొప్పి తెలియలేదు, వాడి చెంప నా చెంపకు తగులుతుంటే అది చెక్కుచెదరకుండా ఉందన్నదే తెలిసింది.

గద్ద ట్యాంకు ఖాళీ చేసుకుని పోయింది. ఆరు మళ్ళ కొర్ర మాడిపోయింది. ఇరవై మంది తిండి. అది నా ఖాతాలోదే. రూతమ్మ ఆ ఆఖరి తూటా విప్పి మందు పలక మీద పోసి కొలిచింది. ఒక చెంచా. మళ్ళీ ముంచింది, మళ్ళీ నిండింది.



పలక 66

ఈ రోజూ సుగుణమ్మే రాస్తోంది. రూతమ్మ నింపిన తూటాలతో సైదులు పొద్దున ఒక గద్దను కూల్చాడు. బల్ల ఇక రూతమ్మది. పక్కన కూర్చుని చెప్పడం నాది. గోడవైపు తిప్పిన పలకలు రెండూ బయటికి తిప్పాను. చదివిన వాళ్ళలో ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు. మానేయవలసిందే.

మధ్యాహ్నం సైదులు వచ్చి నా మంచం ముందు కూర్చున్నాడు. నా కట్టు చూసి, తల ఎత్తి నా ముఖం వైపు చూశాడు.

"నిన్న బండ కాడ అంత చెప్పినాను గదరా. తుపాకీలోది కూడా తీయాలని తెలవదా నీకు?" అన్నాను.

 వాడు చెప్పినదంతా నా పెదాల మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"నువ్వు తల వంచుకొని చెప్తివి అక్కా. తల వంచితే నాకు తెలవదు. సుగుణ సంచి వైపు చెయ్యి చూపిస్తే, దొంగతనం కడుతుండారనుకున్నా. నువ్వే పెట్టించినావనుకున్నా." చేత్తో రెండు చెవులూ చూపించాడు. "రెండేళ్ళయింది. పదేళ్ళు ఈ తుపాకీ పక్కన ఉంటే ఏం మిగులుతాది? పెదాలు చూసి లాక్కొస్తుండా. గద్దను కంటితో పట్టుకుంటా, మనిషిని పెదాలతో పట్టుకుంటా."

"చెప్పొచ్చు గదరా."

"చెప్తే గట్టు మీద ఉండనిస్తారా?" అన్నాడు. "నువ్వు చెప్పినావా?"

 ఇద్దరం ఒక కడుపున పుట్టినవాళ్ళమని ఎవరికీ అనుమానం అక్కరలేదు.

సుగుణమ్మ పక్కనే ఉంది, అంతా వింది, గానీ పలక ముట్టుకోలేదు. నా వైపు చూస్తోంది. రాయించాలా వద్దా అన్నది నాకే వదిలింది. నా తప్పు రాయకుండా, రాసినా గోడకు తిప్పి మూడు రోజులు దాచినదాన్ని నేను. ఇంకో ఐదు రోజులు, కోత అయ్యేదాకా, తమ్ముడి కోసం దాస్తే ఏమవుతుంది అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం నాకు బాగా తెలిసినదే, మొన్న కూడా ఇలాగే వచ్చింది.

"రాయి," అన్నాను. "నా తమ్ముడు సైదులుకు రెండు చెవులూ వినపడవు. రెండేళ్ళ నుంచి."

సుగుణమ్మ రాసింది. సైదులు తల ఎత్తి, బలపం ఆగడం చూసి, "ఏం రాపిస్తుండావు?" అన్నాడు. పలక వాడి వైపు తిప్పమన్నాను. వాడు రెండుసార్లు చదివాడు. మొదటిసారి వేగంగా, రెండోసారి వేలు పెట్టి. వాడి కళ్ళు నిండాయి. నావీ నిండాయి, ఈసారి పొగ మీద నెట్టలేదు.

"రేపటినుంచి గట్టు మీద ఎవుర్ని పెడతారంట?" అని సుగుణమ్మను అడిగాడు.

"కోత దాకా నువ్వే. పక్కన చెవులున్నోణ్ణి ఒకణ్ణి పెడతా. వాడికి గురి నేర్పు."

వాడు తల ఊపి, కట్టు కట్టిన నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అటు తిరిగి గుమ్మం బయట కొర్ర చేను వైపు చూస్తున్నాడు. మాడిన ఆరు మళ్ళూ ఇక్కడి నుంచే కనబడతాయట, నాకు కనబడవు.

"నీ మీద నేను దొంగతనం పెట్టిస్తానని ఎట్టా అనుకున్నావురా," అన్నాను.

వాడికి వినపడలేదు. నేను మంచం దిగి, వాడి ఎదురుగా వెళ్ళి కూర్చుని, ముఖం ఎత్తి, మళ్ళీ మొదటినుంచి అన్నాను.